మోకాలి కింద ఖాళీ

నవంబరు పదిహేడవ తేదీ, మంగళవారం, ఉదయం. ఓడరేవు ఆసుపత్రి మొదటి అంతస్తులో, వైద్య పరీక్షల గదిలో హాజరైనవారు ఐదుగురు. బల్లకు అవతల రేవు డాక్టరు, ఆయన పక్కన యార్డు మేనేజరు. కిటికీ దగ్గర నిలబడి ఫిజియోథెరపీ చూసే అమ్మాయి. బల్లకు ఇవతల, వెన్ను ఆనించకుండా కుర్చీ అంచున కూర్చున్న పరుపుల మేస్త్రి. ఈ నలుగురి చూపులకూ నడుమ, ఎత్తైన మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నది అతని భార్య, రేవులో అందరూ డేగమ్మ అని పిలుచుకునే క్రేను ఆపరేటరు.

తేలవలసిన విషయం ఒక్కటే. గట్టు అంచున నిలిచిన పెద్ద క్రేను నిచ్చెనను డేగమ్మ మళ్ళీ ఎక్కగలదా, లేదా? ఎక్కగలదంటే పైనున్న గాజు క్యాబిను ఆమెది. ఎక్కలేదంటే తాత్కాలికంగా అక్కడ కూర్చున్న మనిషి ఇకపై అక్కడే కూర్చుంటాడు.

"కాలు చాపండమ్మా," అన్నాడు డాక్టరు. "తొందరేం లేదు. పూర్తిగా చాపి, కాసేపు అలాగే పట్టుకోండి."

డేగమ్మ తన కుడి తొడ వంక చూసింది. ఎడమ తొడ పక్కన అది ఎవరో పరాయివాళ్ళది తెచ్చి అతికించినట్టు సన్నగా, వదులుగా ఉంది. చాపమని మనసులో అనుకుంది. ఆ మాట నడుము దాటి కిందికి దిగి, తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డ చుట్టంలా అక్కడే ఆగిపోయింది.

ఆమె జీవితమంతా దీనికి తలకిందులుగా గడిచింది. నేల మీద ఆమె మాట వినేవాళ్ళు ఎప్పుడూ తక్కువే. పైకెక్కి తలుపు వేసుకుంటే మాత్రం, ఇల్లంత ఇనుప పెట్టె ఆమె బొటనవేలు కదిలితే కదిలేది, ఆగితే ఆగేది. ఓడ పొట్టలో, రెండు పెట్టెల మధ్య అరచేయి కూడా దూరని సందులో, మూడో పెట్టెను గీత పడకుండా దించగల మనిషి రేవులో ఆమె ఒక్కతే. గాలి దారి మళ్ళబోతోందని నీటి రంగు చూసి ముందే చెప్పేది. ఆ చూపుకే డేగమ్మ అని పేరు వచ్చింది.

పడింది కూడా పైనుంచి కాదు. వేసవిలో, వాన వెలిసిన ఒక ఉదయం, అంత ఎత్తూ దిగి వచ్చి చిట్టచివరి మెట్టు మీద జారింది. ఏరంతా ఈది వచ్చి పిల్లకాలువలో మునిగినట్టు. పాదం కమ్మీల మధ్య ఇరుక్కుపోయింది, ఒళ్ళు తిరిగింది, మోకాలి లోపల ఏదో పుల్ల విరిగినట్టు టక్కుమంది. లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషను చేశారు. ఆపరేషను చక్కగా జరిగింది. ఆ మాట అన్నవాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మర్నాడు ఫిజియో అమ్మాయి వచ్చి మంచం పక్కన కూర్చుంది. మేస్త్రి అప్పుడు కింద మందుల కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఇంటికెళ్ళాక మడమ కింద మాత్రమే చుట్ట పెట్టుకోండి. మోకాలు గాల్లో వేలాడాలి. దాని బరువుకి అదే కిందికి దిగి, కాలు తిన్నగా అవుతుంది. మోకాలి కింద ఏమీ పెట్టకూడదు. చిన్న గుడ్డ కూడా వద్దు. ఐసు పెట్టుకోండి, కట్టు వదులు కానివ్వకండి. కాస్త తీరిక దొరికితే చాలు, మోకాలిని పరుపులోకి నొక్కుతున్నట్టు తొడ బిగించండి. మొదట్లో బిగుసుకోదు. అయినా మానకండి."

"నొప్పి పుడితే?"

"పుడుతుంది. వంచితే హాయిగా ఉంటుంది. ఆ హాయికే లొంగకూడదు."

డేగమ్మ తల ఊపింది. లొంగడం అన్న మాట ఆమెకు నవ్వు తెప్పించింది.

మేస్త్రి పని ఇంటి ముందు గదిలోనే. దూది ఏకడం దగ్గర నుంచి గలేబు అంచు కుట్టడం దాకా ఒంటి చేత్తో చేసేవాడు. "మా ఆవిడ ఊళ్ళో బరువులన్నీ లేపుతుంది, నేను ఊళ్ళో జనాన్నంతా పడుకోబెడతాను" అన్నది కొత్తగా వచ్చిన ప్రతి ఖాతాదారుకూ అతను వినిపించే హాస్యం. తండ్రి దగ్గర నేర్చుకున్న ఆ విద్యకంతటికీ మూలమైన సూత్రం ఒకటుంది: ఒంటి కింద ఖాళీ ఉండకూడదు. మెడ ఒంపులో, నడుము ఒంపులో, ఎక్కడ ఒళ్ళు ఆనకుండా వేలాడుతుందో అక్కడే నొప్పి పుడుతుంది. అక్కడ దూది చేరాలి. ఖాళీ వదిలేసిన పరుపు కుట్టినవాడికి తలవంపు.

అటువంటి మనిషి, భార్యను ఇంటికి తెచ్చిన మొదటి సాయంత్రం గదిలోకి వచ్చి చూశాడు. మడమ చుట్ట మీద ఉంది. తొడ మంచం మీద ఉంది. నడుమ, వాచిపోయిన మోకాలు దేనికీ ఆనకుండా వేలాడుతోంది. డేగమ్మ దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పైకప్పు చూస్తోంది. సాయానికి వచ్చిన అతని చెల్లెలు ఐసు సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"చూడన్నయ్యా, వదిన ఎలా అయిపోయిందో," అంది ఆడపడుచు. "రేవంతా ఎత్తి దించే మనిషి, తన కాలు తను ఎత్తలేకపోతోంది."

"ఎత్తితే నీ నెత్తినే పెడతానని భయపడుతున్నా," అంది డేగమ్మ పళ్ళ సందున.

మేస్త్రి ఆ మాటలు వినలేదు. మంచం పక్కన కూర్చుని, మోకాలి కిందికి చేయి పోనిచ్చి, వేళ్ళు విప్పి, ఆ ఖాళీ ఎంతుందో చూసుకున్నాడు. టేపు వాడలేదు. ఎప్పుడూ వాడేవాడు కాదు.

దీపాలు పెట్టే వేళకు మోకాలి కింద పెట్టే చిన్న దిండు, బాలీసు, తయారైంది. నెలవంకలా వంపు తిరిగి, నడుమ పల్లంగా, అంచుల్లో కాస్త గట్టిగా, నున్నటి పాత నూలు గుడ్డ తొడుక్కుని ఉంది. "కాలు ఎత్తు," అన్నాడు. ఎత్తలేకపోతే తనే పిక్క పట్టుకుని ఎత్తి, దాన్ని కిందికి జరిపాడు. మోకాలు వంగి ఆ పల్లంలో ఒదిగింది. పొద్దుటినుంచీ ఒంట్లో మొరుగుతున్న కుక్క ఒక్కసారిగా నోరు మూసుకుని పడుకున్నట్టయింది.

వద్దని చెప్పాలని డేగమ్మకు తెలుసు. "ఏమండీ" అని నోరు తెరిచింది కూడా. అతని ముఖం చూసింది. ఆసుపత్రి గుమ్మం తొక్కిన నాటి నుంచి ఆ ముఖంలో వెలుగు రావడం అదే మొదలు.

"బాగుందా?"

"బాగుంది."

ఈ ఒక్క రాత్రికే అనుకుని కళ్ళు మూసుకుంది. మర్నాడూ అదే అనుకుంది. ఐసు పెట్టడం కూడా తగ్గిపోయింది, నొప్పి లేనప్పుడు ఐసెందుకని. తొడ బిగించబోతే బిగుసుకోలేదు. వంగిన మోకాలితో ఎలాగూ కుదరదని ఆ ప్రయత్నమూ పలచబడింది. పరీక్షకు వెళ్ళిన రోజుల్లో, "మోకాలి కింద ఏమీ పెట్టడంలేదు కదా అక్కా?" అని ఆ అమ్మాయి అడిగితే, "లేదు తల్లీ" అనేది. నిద్ర కోసం ఆడిన అబద్ధం కనుక దానిని లెక్కలోకి తీసుకోలేదు.

కాని అబద్ధమాడటం నోటికి వచ్చినట్టు మోకాలికి రాదు. ఒకనాడు ఫిజియో అమ్మాయి ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్ళూ చాపించి, మోకాళ్ళ వెనక చేయి పెట్టి చూసింది. ఎడమ మోకాలి కింద వేలు దూరలేదు. కుడి మోకాలి కింద ఆమె పిడికిలి సునాయాసంగా పట్టింది.

"తొడ బిగించండి."

"బిగించాను."

"మీరు బిగించాననుకుంటున్నారు. ఇక్కడ చేయి పెట్టి చూడండి."

డేగమ్మ తన తొడ మీద తనే చేయి వేసుకుంది. ఒంట్లో ఉన్న బలమంతా అక్కడికి పంపింది. నుదుట చెమట పట్టింది. చేతి కింద ఏమీ జరగలేదు. పిండి ముద్ద మీద చేయి వేసినట్టే ఉంది.

"నరం తెగిపోయిందా?"

"లేదు. నరం బాగుంది, కండ బాగుంది. మోకాల్లో వాపు ఉంది కదా, ఆ కీలు వెన్నుకు కబురు పంపుతోంది, ఇక్కడ పరిస్థితి బాగాలేదు, తొడను పనిచేయనివ్వకు అని. వెన్ను ఆ మాట నమ్మి పై నుంచే సరఫరా ఆపేసింది. ఇది బద్ధకం కాదు, పట్టుదల లేక కాదు. మీరెంత గట్టిగా అనుకున్నా మీ మాట అక్కడిదాకా వెళ్ళదు. అందుకే వాపు తగ్గించమంటాం, మొదటి రోజునుంచీ కాలు చాపి ఉంచమంటాం. తొడ ముందువైపు కండ నిద్రపోతుంటే వెనకవైపు కండ బిగుసుకుని కాలిని వంచేస్తుంది. వంచి అలాగే ఉంచితే ఇక అది వదలదు." ఆ పిల్ల ఆగి, గొంతు తగ్గించింది. "అక్కా, దిండు పెడుతున్నారు కదూ?"

డేగమ్మ గోడ వైపు తిరిగింది. అటు చూస్తూనే, "మా ఆయనకు చెప్పకు తల్లీ," అంది.

"ఎందుకు?"

"తన చేతుల్తో కుట్టాడు."

చికిత్స మళ్ళీ మొదటినుంచి ఆరంభమైంది. బోర్లా పడుకోబెట్టి, మడమను వెనక్కి లాగించి లాగించి మొదట ఆ వెనక కండను అలసిపోయేలా చేసేవాళ్ళు. పట్టు సడలిన ఆ కాస్త వ్యవధిలోనే వెల్లకిలా తిప్పి, ముందు కండను బిగించమనేవాళ్ళు. తొడ మీద జిగురు బిళ్ళలు అతికించి కరెంటు ఇచ్చేవాళ్ళు. మొదటిసారి కరెంటు తగిలినప్పుడు కండ గట్టుమీద పడ్డ చేపలా ఎగిరింది. డేగమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మాయి మీట తిప్పగానే చేప చచ్చిపోయింది.

"ఇప్పుడు మీరు చేయండి అక్కా, ఇందాకటిలాగే."

"ఇందాక నేను చేయలేదు తల్లీ. నీ మిషను చేసింది."

కొంత ఫలితం రాకపోలేదు. చేతి కింద ఒక వణుకు, తరువాత ఒక బిగువు తగిలాయి. కాని మోకాలి వెనక పిడికిలి పట్టిన చోట మూడు వేళ్ళు, మూడు వేళ్ళ చోట రెండు వేళ్ళు పట్టాయే తప్ప ఆ సందు మూసుకోలేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు మంటను ఆర్పవు, మంట ఎక్కడుందో తెలియజేస్తాయి.

ఇంట్లో ఇంకో యాతన. బాలీసు వద్దనడానికి ఆమె, "ఉక్కగా ఉందండీ" అంది. అతను గాలి ఆడే పలచటి గుడ్డతో మరొకటి కుట్టాడు. "గుచ్చుకుంటోంది" అంది. దూది మళ్ళీ ఏకి, మరింత మెత్తగా ఇంకొకటి చేశాడు. ఆమె ఏ వంక చెప్పినా అది అంతకంటే మంచి దిండై తిరిగి వచ్చేది. చివరికి "ఇక అక్కర్లేదు, నయమైంది" అనవలసి వచ్చింది. ఆ మాటకు అతను పొంగిపోయాడు.

ఆ పొంగే కొంప ముంచింది. ఎదురింటి లెక్కల మేస్టారు మోకాలు మార్పిడి చేయించుకుని ఇంటికి వచ్చాడు. మేస్త్రి అడగకుండానే వెళ్ళి, వేళ్ళతో కొలత తీసుకుని, ఆయనకూ ఒక నెలవంక కుట్టి ఇచ్చి వచ్చాడు. "ఆపరేషను అయిన ప్రతివాడికీ ఒకటి ఉండాలే," అన్నాడు అన్నం ముందు కూర్చుని. "ఆసుపత్రిలో అడిగి చూస్తాను. డబ్బు మాట దేవుడెరుగు, మంచి పని."

డేగమ్మ కంచం పక్కకు జరిపింది. మర్నాడు అతను బజారుకు వెళ్ళాక, చేతికర్ర పట్టుకుని వీధి దాటింది. మేస్టారు వరండాలో పడక్కుర్చీలో, మోకాలు బాలీసు మీద పెట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"రండమ్మా, రండి. మీ ఆయన చేతులకు బంగారు కడియాలు తొడగాలి. నిన్నటినుంచీ ప్రాణం లేచి వచ్చింది."

"తీసెయ్యండి మేస్టారూ."

"ఏమిటి?"

"దాన్ని తీసెయ్యండి. మడమ కింద పెట్టుకోండి, మోకాలి కింద వద్దు. హాయిగా ఉందని మీరు ఉంచుకుంటే," అని తన కర్రను చూపించింది, "ఇలా తేలతారు."

లెక్కల మనిషి కనుక ఆయనకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. కాని లెక్కల మనిషి కనుకనే పనికిరాని వస్తువును ఇంట్లో ఉంచుకోలేదు. సాయంత్రం కొడుకు చేత దిండు పంపిస్తూ, ఎందుకు పంపుతున్నదీ వివరంగా చెప్పించాడు.

మేస్త్రి దాన్ని రెండు చేతులతో పట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆడపడుచు అన్నగారి ముఖం చూసి, కడుగుతున్న గిన్నెలు అక్కడే వదిలి వీధిలోకి వెళ్ళిపోయింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొదటినుంచీ."

"మొదటినుంచీ అంటే?"

"ఆసుపత్రిలోనే చెప్పింది ఆ పిల్ల. మీరు మందులకు వెళ్ళినప్పుడు."

"మరి నేను కుట్టి తెస్తుంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావటే?"

"నిద్రపట్టిందండీ," అంది డేగమ్మ.

అతను బాలీసు కుట్ల వెంట వేలు పోనిచ్చాడు. తరువాత, ఆమెతో కాక చేతిలోని దిండుతో అన్నట్టు అన్నాడు. "నిన్ను నేను కొడితే అడ్డుపడటానికి వీధిలో పదిమంది వచ్చేవాళ్ళు. దిండు పెడితే ఎవరొస్తారు?"

"మీ తప్పేం లేదు."

"నీ తప్పూ లేదు, నా తప్పూ లేదు, మరి ఈ కాలు ఇలా ఎవరు చేశారే? గాలికి అయిందా?"

 అతను ముందు గదిలోకి వెళ్ళి, దబ్బనంతో కుట్లు ఒక్కొక్కటే విప్పి, దూదిని బుట్టలో పోశాడు. ఆ తరువాత కూడా పరుపులు కుట్టాడు, కుట్టక గడవదు కనుక. కాని వేళ్ళు విప్పి ఒంపులు చూసుకోవడం మానేశాడు. టేపు కొన్నాడు. "నడుము దగ్గర ఇంకాస్త దూది వెయ్యమంటారా, వద్దా?" అని ఖాతాదారులను అడగడం మొదలుపెట్టాడు. పరుపు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళకు ఆ సంగతి ఏం తెలుస్తుంది? "మీకు తెలియనిదా మేస్త్రీ" అనేవాళ్ళు. అతను తల దించుకునేవాడు.

భార్యాభర్తల మధ్య మాటలు అవసరానికి కుదించుకుపోయాయి. మందు వేసుకున్నావా, వేసుకున్నాను. ఆటో పిలవనా, పిలవండి. సాయంకాలాల్లో డేగమ్మ కాలు చాపుకుని కూర్చుని తొడ బిగించేది, వదిలేది. అతను గుమ్మంలో నిలబడి చూసేవాడు. దగ్గరకు వచ్చి సాయం చేయడానికి అతని చేతులకు ధైర్యం చాలేది కాదు. రమ్మని పిలవడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ కాలే ఇప్పుడు పరీక్ష మంచం అంచున వేలాడుతోంది.

"చాపండమ్మా," అన్నాడు డాక్టరు మళ్ళీ.

కాలు లేచింది. సగం దాకా బాగానే లేచింది, ఆపైన వణుకుతూ లేచింది. పూర్తిగా తిన్ననవడానికి కాస్త ముందు, కంటికి కనిపించని కొక్కేనికి తగులుకున్నట్టు ఆగిపోయింది. డేగమ్మ మంచం అంచును పిడికిళ్ళతో బిగించింది. మెడ నరాలు ఉబ్బాయి. పాదం మెల్లగా కిందికి దిగిపోయింది.

"ఆ పీట ఎక్కండి. కుడికాలు ముందు పెట్టి."

పీట మామూలు పీటే. డేగమ్మ కుడి పాదం దానిమీద ఉంచి బరువు మోపింది. మోకాలు ఏ హెచ్చరికా చేయకుండా మడుచుకుపోయింది. ఫిజియో అమ్మాయి కిటికీ దగ్గర నుంచి ఒక్క ఉదుటున వచ్చి చంకల కింద చేతులు వేసి ఆపింది. కుర్చీ కిందపడ్డ చప్పుడు అయింది. మేస్త్రి లేచి నిలబడి ఉన్నాడు.

"అయ్యా, తప్పు నాదండీ. మోకాలి కింద దిండు పెట్టింది నేను. ఆవిడకు ఇంకొంచెం గడువు ఇప్పించండి. నాకోసం ఇప్పించండి."

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "తప్పు ఎవరిదని నేను అడగటంలేదు మేస్త్రీ. నేను అడగను. ఆ నిచ్చెనా అడగదు. సగం దూరంలో ఆ మోకాలు ఇలాగే మడుచుకుపోయిందనుకోండి, అక్కడ పట్టుకోవడానికి ఈ అమ్మాయి ఉండదు."

"వ్యాయామం మానకండి అక్కా," అంది ఫిజియో అమ్మాయి. ఆమె చేతులు ఇంకా డేగమ్మను వదలలేదు. "ఇంకా మెరుగవుతుంది. నడక తప్పకుండా బాగుపడుతుంది."

"నడక ఎవరడిగారు తల్లీ," అంది డేగమ్మ.

యార్డు మేనేజరు ముందే టైపు చేయించి తెచ్చిన కాగితాన్ని బల్లమీద ముందుకు జరిపాడు. చెడ్డవాడేమీ కాదు. "గిడ్డంగిలో సరుకు తనిఖీకి వేస్తున్నామమ్మా. కూర్చుని చేసే పని. జీతం తగ్గించటంలేదు. ఆరునెలల తరువాత కాలు నయమైతే నిలబడి చేసే ఇంకో పనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాని క్యాబిను ఖాళీగా ఉంచలేం కదా. ఇప్పుడు అక్కడున్న అబ్బాయిని ఈ నెలలోనే పర్మనెంటు చేస్తున్నాం."

"తూర్పుగాలి తిరిగినప్పుడు పెట్టె ఎటు ఊగుతుందో తెలుసా అతనికి?"

"నేర్చుకుంటాడమ్మా."

"ఊగేదానికి ఎదురు లాగకూడదు. దాంతోపాటే కొంచెం పోవాలి, అప్పుడు ఆగుతుంది. చెప్పండి."

"చెబుతాను."

"మీరు చెబితే అర్థం కాదులెండి," అంది. మేనేజరు నవ్వబోయి మానేశాడు.

ఆమె మంచం దిగి, కర్ర అందుకుని, బల్ల దగ్గరికి నడిచింది. కాగితం పూర్తిగా చదివింది. క్రేను విధులకు శాశ్వతంగా అనర్హురాలినని అంగీకరిస్తున్నాను అన్న వాక్యం దగ్గర కలం కాసేపు గాలిలో నిలిచింది. డాక్టరు గోడవంక చూశాడు. చేయి మాత్రం చెప్పిన మాట వింది. సంతకం ఎప్పటిలాగే స్పష్టంగా, కుదురుగా పడింది.

సాక్షిగా కింద ఇంకో సంతకం కావాలన్నాడు మేనేజరు. మేస్త్రి కలం పుచ్చుకున్నాడు. ఎక్కడ పెట్టాలో కాగితమంతా వెతుక్కున్నాడు. డేగమ్మ అతని మణికట్టు పట్టుకుని, ఆ గీత దగ్గరికి జరిపి, వదిలేసింది. అతను సంతకం చేశాడు.

మేనేజరు సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మడిచి, ఆమె పేరున్న దస్త్రంలో పెట్టి, దస్త్రాన్ని సంచిలో వేసుకున్నాడు.